గాస్కొనీ మనుషులు, మా నాన్న

గుంటూరు, ఆడపిల్లల హాస్టలు
11 ఫిబ్రవరి 2025

మార్టూరులో ఉన్న మా నాన్న జక్రయ్య గారికి,

నాన్నా, వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వూ బాగున్నావని రాయడానికి మాత్రం చెయ్యి రావట్లేదు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే సిగ్నల్ లేదంటూ పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

మొన్న ఎం.ఏ. క్లాసులో మేడమ్ గారు గాస్కొనేడ్ అని ఒక ఇంగ్లీషు మాట చెప్పారు. కోతలు కొయ్యడమట. ఫ్రాన్సులో గాస్కొనీ అనే ప్రాంతం వాళ్ళు గొప్పలకు పేరుపడితే, ఆ సీమ పేరు మీదే ఈ మాట పుట్టిందట. క్లాసంతా నవ్వింది. నాకు నువ్వు గుర్తొచ్చి ఇంకాస్త ఎక్కువ నవ్వాను. తర్వాత మేడమ్ గారు చెప్పారు, అక్కడ చాలామంది బీదవాళ్ళని, పొలం చాలక కుర్రాళ్ళు పరాయిచోట సిపాయి కొలువులకు పోయేవారని. చేతిలో ఏమీ లేనివాడు గొంతయినా పెంచకపోతే పని ఎవరిస్తారు? ఇక నవ్వు రాలేదు నాన్నా.

నువ్వూ అంతేగా. గ్రానైటు పాలిష్ మిషన్ దగ్గర మాస్కు పెట్టుకోమంటే, నా ఊపిరితిత్తులు కూడా గ్రానైటే అన్నావు. టీ కొట్టు దగ్గర ఎన్ని కోతలు కోసినా ఎవరికి నష్టం? కానీ క్రిస్మస్ ఆరాధనలో లేచి, దగ్గు పూర్తిగా పోయింది, దేవుడు స్వస్థపరిచాడు అని సాక్ష్యం చెప్పావు చూడు! గుడంతా చప్పట్లు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత పాటలో నువ్వు పెదాలు మాత్రమే కదిపావు.

ఇప్పుడు ఎక్స్‌రేకి రమ్మంటే, సాక్ష్యం చెప్పినవాడు ఆసుపత్రికి వెళ్తే సంఘంలో దేవుడి పరువు పోతుందంటావు. పోయేది నీ పరువయ్యా, దేవుడిది కాదు! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నాయనమ్మ ఊరికే అనేదా? కోపంగా ఉంది నాకు. అంతకంటే భయంగా ఉంది. నువ్వు లేకపోతే నీ గొప్పలు నేనేం చేసుకోను?

శుక్రవారం పొద్దున గుంటూరు బస్టాండులో ఉంటాను. రా నాన్నా.

నీ కూతురు
జెస్సీ

తా.క. అమ్మా, నాన్నకి చదువు రాదు కనక ఇది నువ్వే చదివి వినిపిస్తున్నావని తెలుసు. ఆయన లాక్కోబోయినా ఆపకు. సెలవుల్లో నాన్న తువ్వాళ్ళు నేనే ఉతుకుతానని పట్టుబట్టింది ఎందుకో తెలుసా? దగ్గితే రక్తం పడుతోందమ్మా. నీకు చెప్పొద్దని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడ్చాడమ్మా. ఏం చెప్పినా వినకుండా తీసుకురా.