ఎడమవైపు సీటు

వనపర్తి,
తేది 12-2-1991.

మోటారు వాహనముల అధికారి గారి సముఖమునకు,

సోమశిల గ్రామ కాపురస్తురాలు, చేపలమ్మి బతుకునట్టి దేవమ్మ, భర్త కీర్తిశేషులు భీమయ్య, వయస్సు అరవై దాటినది, చదువు రానిది, నోటితో చెప్పి వ్రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కొల్లాపూర్ పల్లికాయల మిల్లు గేటు ముందర సైకిలు మనిషి చనిపోయిన కేసులో లారీ డ్రైవరు చాంద్ పాషా లైసెన్సు రద్దు చేయకుండుట గురించి, సదరు లారీలో ఎడమవైపు సీటు ఖాళీగా ఉండెనని వ్రాసుకొన్నది తప్పని తెలుపుట గురించి, ఇకముందు ఆ సీటులో క్లీనరు లేనిదే ఏ లారీ కదలకుండ హుకుం ఇచ్చుట గురించి.

తమరు వచ్చే సోమవారం నాడు సదరు డ్రైవరును విచారణకు పిలిచినారని తెలిసి, అంతకు ముందే తమకు తెలియవలసిన సంగతులు ఈ దిగువన మనవి చేయుచున్నాను.

1. చనిపోయిన కురుమూర్తి నా కొడుకు. ముప్పై రెండేండ్లు. ఒక్కడే. భార్య రేణుకమ్మ, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. డిసెంబరు రెండవ తేదీ ఆదివారం పొద్దున ఏడున్నరకు చనిపోయినాడు. తాగి లేడు. సైకిలుకు రెండు బ్రేకులు ఉన్నవి, గంట ఉన్నది. సైకిలు తప్పేమైనా ఉన్నదా అని ముగ్గురు మనుషులు మూడుసార్లు అడిగినారు గనుక వ్రాయిస్తున్నాను. లేదు.

2. మేము కృష్ణలో పట్టిన చేపలు తెచ్చి కొల్లాపూర్‌లో అమ్ముతాము. బస్సులో చేపల గంపను ఎక్కనివ్వరు. వాసన అంటారు. వాసన నిజమే, అందులో కండక్టర్ల తప్పు లేదు. అందుచేత ఒక గంప నా కొడుకు సైకిలు వెనుక కట్టుకొని తొక్కుతాడు. రెండో గంపతో నేను పల్లికాయలు తీసుకపోయే లారీ ఎక్కుతాను. సరుకు లారీలో మనుషులను ఎక్కించుకొనరాదని కాయిదా ఉన్నదట. ఆ కాయిదా నాకు తెలియదు. తెలిసినా ఎక్కుదును. గంప నెత్తి మీద పెట్టుకొని నడిచేసరికి చేప చెడుతుంది.

3. చాంద్ పాషా నడిపే లారీకి యోసేపు అనే క్లీనరు ఉండెను. దసరా తర్వాత మిల్లు యజమాని అతనిని మానిపించినాడు. పక్క ఊర్ల నుంచి మూటలు తెచ్చుటకు ఇద్దరు మనుషులు దేనికని అన్నాడట. అంతకు ముందు నేను వెనుక మూటల మీద కూర్చుండేదాన్ని. యోసేపు పోయినంక చాంద్ పాషా నా ఈడు చూసి, ముందర ఎడమవైపు సీటులో కూర్చోబెట్టసాగినాడు. మెత్తగా ఉండెను. పదకొండుసార్లు కూర్చున్నాను.

పదకొండవసారి నా కొడుకు చనిపోయిన రోజు. కాబట్టి సదరు సీటు ఖాళీగా లేదు. అందులో నేను ఉన్నాను.

4. ఆ రోజు ఎక్కేటప్పుడే చాంద్ పాషా నాకు చెప్పినాడు. "పెద్దమ్మా, ఇయ్యాల అంగడి దాక రాను. సీదా మిల్లుకే పోతున్న. గేటు కాడ దిగి నడువు." సరేనన్నాను. అనగా లారీ మిల్లు గేటులోకి ఎడమకు తిరుగునని నాకు ముందే తెలుసు. ఈ మాటను రెండుసార్లు వ్రాయమన్నాను. అర్జీలు వ్రాసే శంకరయ్య గారు ఒకసారి చాలునన్నారు. తమరు రెండుసార్లు చదువుకొనగలరు.

ఊరు దగ్గరికి వచ్చేసరికి ముందర ఎడ్లబండ్లు వరుసగా పోతున్నందున లారీ మెల్లగైంది. చీకటితోనే బయలుదేరి, మేము అప్పుడే దాటి వచ్చిన నా కొడుకు ఎడమ పక్క సందులో నుంచి మా పక్కకు వచ్చినాడు. తలుపు కింద వాని తలకాయ, వాని వెనుక గంప మాత్రం కనపడుచుండెను. గంట కొట్టి, తల పైకెత్తి నన్ను చూసినాడు.

"ఏందమ్మా, దొరసాని లెక్క కూసున్నవ్," అన్నాడు.

"నా దిక్కు సూడకు. జల్ది ముందటికి పో, అంగట్ల మన జాగల ఇంకొకరు కూసుంటరు," అన్నాను. చేయి బయట పెట్టి పొమ్మని ఊపినాను కూడా.

వాడు నా మాట విని తొక్కినాడు. చాంద్ పాషా లారీని తిప్పినాడు. అతని సీటు నుంచి ఆ పక్క ఏమీ కానరాదు. నాకు కనపడింది. నేను అరవలేదు. లారీ వంగినందున ఒడిలో గంప జారుతుందని రెండు చేతులతో గంపను పట్టుకొన్నాను. గంప పడలేదు.

లారీ ఒక పక్క లేచి దిగింది. చాంద్ పాషా, "గుంత," అన్నాడు. ఆ గేటు కాడ గుంత లేదు.

5. చాంద్ పాషా దిగి చూసినాడు. చూసి నా వైపుకు వచ్చి తలుపు తీసి, మొదట గంపను, తర్వాత నన్ను దించినాడు. జనం ఇంకా చేరలేదు. నా చెవి దగ్గర, "నువ్వు లారీల లేవు పెద్దమ్మా. నడుసుకుంట వొచ్చినవ్. ఇంకో మాట జెప్పకు," అన్నాడు. సరుకు లారీలో మనిషిని ఎక్కించినందుకు తన మీదికి వస్తుందని భయపడినాడనుకొన్నాను. పోలీసు వారు వచ్చి వ్రాసుకొన్నారు. ఎడమవైపు సీటు ఖాళీ అని అతడు చెప్పినాడు. నేను నడిచి వచ్చినానని నేను చెప్పినాను. వేలిముద్ర వేసినాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. పోలీసు వారు మేము చెప్పినదే వ్రాసుకొన్నారు, వారి తప్పు లేదు.

సంక్రాంతి ముందు చాంద్ పాషా ఇంటికి పోయినాను. కొట్టవలెననే పోయినాను. అతని భార్య షాహెదా తలుపు తీసి, నన్ను చూసి పక్కకు జరిగింది. ఆపలేదు. అతడు ఇప్పుడు లారీ పట్టుట లేదు, అంగట్లో మూటలు మోయుచున్నాడు. మెడ మీద కాయ కాసి ఉండెను. ఎందుకు అబద్ధం చెప్పినావని అడిగినాను. అతడు అన్నది ఇది:

"నువ్వు సూసినవని నాకు ఎర్కే. నువ్వు సీట్లున్నవని రాస్తే, నువ్వెందుకు ఆపలేదని కోర్టుల నిన్ను నిలవెట్టి అడుగుతరు. నీకు కొడుకు పోయె. నా లైసెన్సు ఎట్లన్న పోయేదే."

నేను కొట్టలేదు. ఇంటికి వచ్చినాను.

6. ఆ తర్వాత యోసేపును వెతుక్కుంటూ పోయినాను. కిరాయి సైకిళ్ల షాపులో పంక్చర్లు వేస్తున్నాడు. "ఆ సీట్ల కూసొని నువ్వు ఏం జేస్తుంటివిరా?" అని అడిగినాను.

"తలుపు మీద కొడుతుంటి పెద్దమ్మా. ఎడమ దిక్కు డ్రైవరుకు కానరాదు. ఒక్క దెబ్బ కొడితే ఆపుతడు, రెండు కొడితే పోతడు. మా దెబ్బ ఇనే తిప్పుతడు."

"ఒక్క దెబ్బ సాలునా?"

"సాలు," అని తల వంచుకొని పంక్చరు వేసుకొన్నాడు.

పదకొండుసార్లు ఆ సీటులో కూర్చున్న నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను అడుగలేదు. నన్ను కూర్చోబెట్టిన సీటు కూర్చుండుటకు కాదని నాకు తెలియదు. తెలియకపోతేనేమి, అరవవచ్చును గదా అని తమరు అడుగవచ్చును. అడుగవలెను.

సదరు లారీ ఠాణా ఆవరణలో నిలిపి ఉన్నది. డ్రైవరు సీటు ఎక్కనీయమని అడిగితే జమేదారు నవ్వినాడు. రెండు రోజులు అక్కడనే కూర్చుంటే మూడో రోజు ఎక్కనిచ్చినాడు. యోసేపును సైకిలుతో ఎడమ పక్క నిలబెట్టినాను. సైకిలు కనపడలేదు, మనిషి కనపడలేదు. చేయి ఎత్తుమంటే వేళ్లు కనపడినవి. అద్దం బిగించే ఇనుప చువ్వ ఉన్నది, అద్దం లేదు. లైసెన్సు రద్దు చేయు ముందు తమరు ఆ సీటులో కూర్చొని చూడవలెను. ఎక్కుట కష్టమేమీ కాదు. నేను ఎక్కినాను.

7. ఈ నంబరును వ్రాయవద్దని శంకరయ్య గారు చెప్పినారు, ఇది ఆఫీసుకు సంబంధం లేనిదట. నేను వ్రాయమన్నాను.

నేను లారీలో ఉన్నట్టు నా కోడలికి తెలియదు. ముందటికి పొమ్మన్నది నేనేనని తెలియదు. "నువ్వన్న సైకిలు మీద వాని ఎంబడి ఉంటే గిట్ల కాకుండె అత్తా," అని ఒకరోజు అన్నది. అనుకుంట అనుకుంట నా తలకు నూనె పెట్టింది. ఆ రోజు చెప్పవలసింది. చెప్పలేదు. అన్నం పెడుతుంది, తింటున్నాను. విచారణకు ఆమెను కూడ పిలిచినారు. తమరు ఈ అర్జీని ఆమె ముందర చదివించవలెను. ఆ తర్వాత ఆమె నన్ను ఇంట్లో ఉంచుకొనునో, పిల్లలను తీసుకొని తిమ్మాజిపేటలోని తల్లిగారింటికి పోవునో ఆమె ఇష్టం. పోతే నేను ఆపను.

కావున తమరితో కోరుకొనునది.

చాంద్ పాషా లైసెన్సు అతనికి ఉంచవలెను. మళ్లీ లారీ పట్టునో పట్టడో నాకు తెలియదు, కాని తీసివేసినది తమరు కాకూడదు. ఎడమవైపు సీటు ఖాళీ అని ఉన్నచోట దేవమ్మ అని వ్రాయవలెను. అందుకు నాకు పడే శిక్ష పడనీయవలెను. క్లీనరు లేని లారీని, ఎడమ అద్దం లేని లారీని రోడ్డు మీదికి రానీయవద్దు. యజమానులు ఖర్చు అంటారు. అనుకోనీయండి. మెల్లగా పోయే లారీకి ఎడమ సందులో దూరవద్దని కిరాయి సైకిళ్ల షాపుల వాళ్లు సైకిలు ఇచ్చేటప్పుడే ప్రతి మనిషికి చెప్పునట్లు చేయవలెను. మేము ఇన్నాళ్లు పక్కకు జరుగుడే మంచిదనుకొన్నాము. లారీ మెల్లగైతే మనకు తోవ ఇస్తున్నదనుకొన్నాము.

సోమవారం నన్ను కూడ పిలువవలెను. పిలువకపోతే నేనే వచ్చి తమ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను, గంపతో సహా. గంప పక్కన ఎంతసేపు కూర్చోవచ్చునో తమరే చూసుకోగలరు.

పైన చెప్పినదంతా నిజమని, ఒక్క మాట కూడ ఎవరూ నేర్పినది కాదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేవమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)
వ్రాసినది: శంకరయ్య

మళ్లీ వ్రాయించునది: ఈ అర్జీ నిన్ననే ఇవ్వవలసింది. ఒకరోజు ఆలస్యమైనది. కారణం, కొల్లాపూర్‌లో బస్సు ఉన్నా ఎక్కలేదు. వనపర్తికి పోయే బియ్యపు లారీని ఆపి అడిగినాను. గంప లేదు గనుక ఎక్కించుకొన్నాడు. ఆ లారీకి కూడ క్లీనరు లేడు. ఎడమవైపు సీటులో కూర్చోబెట్టినాడు. దారి పొడుగునా ఎడమ పక్క సైకిలు కనపడినప్పుడల్లా తలుపు మీద ఒక దెబ్బ కొట్టినాను. మొదట రెండుసార్లు ఆపినాడు. ఆ తర్వాత, "ముసల్దానా, నా తలుపు ఇరగ్గొడతవా, నీ సంగతేంది?" అన్నాడు. నేను కొట్టుడు ఆపలేదు. పానగల్లు కాడ లారీ ఆపి దించినాడు.

దిగి చూస్తే ఇద్దరు పాలవాళ్లు సైకిళ్ల మీద ఆ లారీ ఎడమ సందులోకి పోతున్నారు. అరిచినాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. వాళ్లు కాలు కింద పెట్టి ఆగినారు.

"ఏమైంది పెద్దమ్మా, మాదేమన్న పడిపోయిందా?" అని ఒకడు అడిగినాడు.

"ఏం పడలే. లారీని పోనియ్యిండ్రి," అన్నాను.

పోయేదాక ముగ్గురం నిలబడినాము. అక్కడ నుంచి నడిచి వచ్చినాను.