మంగఫ్ ఒడ్డున నీ మిషన్

మస్తానన్నా, నువ్వు శుక్రవారం సంతలో మోజుపడి కొన్న మెటల్ డిటెక్టర్‌కి ఇవాళ మొదటిసారి బ్యాటరీలు వేశాను. నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఇన్నాళ్ళూ అది ఈ పరాయి దేశంలో, ఖైతాన్‌లోని మన రూములో నీ మంచం కింద అట్టపెట్టెలోనే ఉంది.

"ఒక్క శుక్రవారం సముద్రానికి పోదాం అబ్బీ. బంగారం దొరక్కపోయినా గాలన్నా తగుల్తాది" అనేవాడివి. సెలవు రోజు శుక్రవారం వస్తే చాలు, నీకో నాకో సబ్హాన్‌ ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ పడేది.

పొద్దున్నే మన రూములో ఉండే సుబ్బయ్యతో మంగఫ్‌లో సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. మిషన్‌ను ఇసుక మీద అటూ ఇటూ ఊపుతూ నడిస్తే, అడుగడుక్కీ కుయ్‌మంది. కూసిన చోటల్లా తవ్వాను. సీసా మూత కూడా దొరకలేదు. సుబ్బయ్య నా కాళ్ళ వంక చూశాడు.

"డ్యూటీ బూట్లేసుకోని వస్తివే. వాటి ముందర ఇనుప రేకుండాది గదా, దాన్ని చూసి కూస్తాంది."

నువ్వుంటే ఈ సంగతి రూములో అందరికీ చెప్పి నెలంతా నవ్వేవాడివి. నేనూ నవ్వబోయాను. కానీ అవి నీ బూట్లు. నీ సామాను ఊరికి పంపేటప్పుడు, నా సైజే కదా అని ఉంచుకున్నాను.

వాటిని విప్పి పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో ఒడ్డంతా తిరిగాను. మిషన్ నోరు మెదపలేదు. తిరిగొచ్చి బూట్ల దగ్గర ఆగగానే మళ్ళీ కూసింది. దాన్ని వాటి మీదే ఊపుతూ నిలబడ్డాను.

"ఇంక ఆపబ్బా" అన్నాడు సుబ్బయ్య.

నాకు ఆపబుద్ధి కాలేదన్నా.