నా వంతు ఆరు

మంగళవారం, రాత్రి

ఆస్తమా అని బడిలో నన్ను ఎప్పుడూ పరుగెత్తనివ్వలేదు. అలాంటి నేను ఈ రోజు పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు గబగబా నడిచాను. ఛాతీలో పిల్లికూతలు రాలేదు.

మా గుంపులో అందరికీ ఏదో ఒక జబ్బుంది. మమ్మల్ని నడిపించే సార్ పెట్టిన రూలు ఒకటుంది: నడుస్తూ ఒక్కొక్కరం వరుసగా ఒక అంకె గట్టిగా చెప్పాలి. మాట పలికితే ఊపిరి అందుతున్నట్టు. లెక్క ఐదు దాకా వచ్చింది. ఆరు నాది. అందరూ నావైపు చూసేసరికి సిగ్గుతో గొంతు పెగల్లేదు.

"ఏం బిడ్డా, నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? షుగరొచ్చి నాకు గా బెల్లం గూడ లేకపాయె!" అంది మల్లమ్మత్త. అందరూ నవ్వారు, సార్ తప్ప.

"నీకు దమ్ము అందుతలేదమ్మా, కూసో. రేపు గూడ గిట్లనే అయితే డాక్టర్ చీటీ తెచ్చినంకనే రా" అన్నారు.

దమ్ము బాగానే ఉంది సార్ అనలేకపోయాను. నా ఆరు మల్లమ్మత్త చెప్పేసింది. బెంచీ మీద కూర్చుని మిగతా అంకెలు విన్నాను. రోజులో నేను మనుషుల మధ్య ఉండేది ఆ ఒక్క గంటే. రేపు అది కూడా పోతే?

తార్నాకలో మా గదికి వచ్చేసరికి మా ఆయన కాచిగూడ లాడ్జిలో నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. సాయంత్రం "వస్తా" అని మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. తలూపాను.

ఇందాక గదిలో గోడ నుంచి గోడకు నడుస్తూ పైకే అన్నాను, "ఆరు" అని. గొంతు బొంగురుగా వచ్చింది. ఆస్తమా వల్ల కాదు. పొద్దుటి నుంచి నేను నోరు తెరిచి పలికిన మొదటి మాట అదే.