ఎనభై నాలుగు శాతం గోడ

గౌరవనీయులైన అల్లుడుగారికి,

మీ మామగారు కోపంగా రాయునది. ఫోను చేస్తే మధ్యలో అడ్డొస్తారని ఉత్తరం.

మీరు పంపిన తేమ మీటరును వెనక గది గోడకు తగిలించాను. ఎనభై నాలుగు శాతం అంటోంది! నలభై ఏళ్ళుగా తాపీ పట్టిన ఈ చేతులతో కట్టిన గోడ అది. ఎదురింటి కళ్ళ డాక్టరుగారు కొత్త ఇంటి పని నాకు అప్పజెబుదామని వచ్చి, ఆ గది గుమ్మంలోంచే ఆ అంకె చదివేశారు. "మేస్త్రిగారూ, నెలాఖరుకు చెబుతాలెండి" అని వెళ్ళిపోయారు. నా చేతి మీద లేచే ఆఖరి ఇల్లు అదేనని ఎంతో ఆశపడ్డాను. మీ మీటరు అబద్ధాలకోరని వెంటనే రాసివ్వండి.

ఇట్లు,
పరువు పోయిన మామ

తా.క.: పోయిన నెల మీరు స్వయంగా బిగించి వెళ్ళిన బట్టల మిషను బాగా ఉతుకుతోందని మీ అత్తగారు రాయమంది. నేనైతే రాసేవాణ్ణి కాదు.

*

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

మాటలెందుకు, పరీక్ష పెడదాం. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్ళు కలపండి. దాన్నీ మీటరునీ గాజు జాడీలో పెట్టి మూత బిగించండి. ఒక రోజంతా తెరవకండి. ఎంత చూపించిందో రాయండి. ఎంత చూపించాలో ఇప్పుడే చెప్పను. బళ్ళో పిల్లలకు కూడా జవాబు ముందు చెప్పే అలవాటు నాకు లేదు.

ఇట్లు,
మీ అల్లుడు, సైన్సు మాస్టారు

తా.క.: ఉప్పు రుచి చూడనక్కర్లేదు.

*

అల్లుడుగారికి,

దొరికిపోయారు! జాడీలో డెబ్భై ఐదు చూపించింది. జాడీలో నా గోడ ఉందా? ఇటుక ఉందా? పోనీ, సిమెంటు మరకైనా ఉందా? గోడే లేనిచోట చెమ్మ చూపించే మీటరు మాట ఎవరు నమ్ముతారు? ఈ సంగతి వీధంతా చెప్పాను. డాక్టరుగారి గుమ్మం ముందు రెండుసార్లు చెప్పాను.

ఇట్లు,
గెలిచిన మామ

తా.క.: ఉప్పు రుచి చూశాను. ఉప్పగానే ఉంది.

*

మామయ్యగారికి,

కొంప ముంచారు! మూత బిగించిన జాడీలో తడి ఉప్పు పక్కన గాలిలో తేమ డెబ్భై ఐదు శాతమే ఉంటుంది, సరైన మీటరు అదే చూపించాలి. అంటే మీటరుకు నూటికి నూరు మార్కులు. గదిలో ఎనభై నాలుగూ నిజమే. గోడకు చెమ్మ పట్టిందని ఒప్పుకుంటే మీకేమీ చిన్నతనం కాదు.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: కావాలంటే గోడ బాగుచేయడానికి నాకు తెలిసిన మంచి మేస్త్రి ఉన్నాడు.

*

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

నీ తా.క. చదివి రెండు పూటలు భోజనం మానేశాను. మూడో పూట ఆకలేసి లేచాను. సరే, మీటరు నిజమే చెబుతుందనుకుని దాన్ని చేతబట్టి ఇల్లంతా తిరిగాను. ముందు గదిలో యాభై ఎనిమిది. వంటింట్లో అరవై. వెనక గదిలో గోడ దగ్గర ఎనభై నాలుగు, అక్కణ్ణించి మూలనున్న బట్టల మిషను వెనక్కి చేరిస్తే తొంభై మూడు!

మిషను ముందుకు లాగాను. నువ్వు బిగించిన గొట్టం చుక్క చుక్క కారుతోంది. కింద పరిచిన రబ్బరు పట్టా ఎత్తితే చెరువు. గోడను అరచేత్తో తడిమి చూశాను, ఎండిన పలకలా ఉంది నా తల్లి! గొట్టం బిగించి, కిటికీలు తెరిచి, నాలుగు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు యాభై తొమ్మిది. డాక్టరుగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివారు. ఇంటి పని నాకే ఇచ్చారు!

మీటరూ నిజం, గోడా నిజం, నీ పనితనం ఒక్కటే అబద్ధం. ఇంత ఆనందం నాకు మీ పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఇట్లు,
మీసం మెలేస్తున్న మామ

తా.క.: డాక్టరుగారు కొత్త ఇంట్లో గదికొక మీటరు కావాలంటున్నారు. ఆరు పంపించు. గొట్టాలు బిగించడానికి మాత్రం నువ్వు రానక్కర్లేదు. నాకు తెలిసిన మంచి ప్లంబరు ఉన్నాడు.