మీ చెల్లెలి గొంతున్న క్యాసెట్

వదినగారికి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. దిగులు పడకండి.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో నాలుగేళ్లపాటు తీసిన నా సినిమాను మొన్న ఆదివారం వేశారు. అందులో ముఖ్య వేషం మీ చెల్లెలిదే కదా. ఆట అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ఆవిడ పోయారంటే నమ్మలేకుండా ఉన్నాను బాబూ, ఎంత కమ్మని గొంతు" అంది. అది డబ్బింగు చెప్పిన అమ్మాయి గొంతు. ఆవిడకు దండం పెట్టి వచ్చేశాను. మీ చెల్లెలి గొంతు బొంగురుగా ఉందని నేనే తీసేయించాను. "పదేళ్లు కాపురానికి పనికొచ్చిన గొంతు మీ సినిమాకు పనికిరాలేదా?" అని అప్పుడు తను నవ్వింది. ఆమె మాటలున్న టేపులు చెరిపి వేరే సీన్లకు వాడుకున్నాను. గంటన్నర సినిమాలో ఆమె మాట ఒక్కటీ లేదు.

మామయ్యగారి మోకాలు ఎలా ఉంది? ఎక్స్‌రే పంపితే ఇక్కడి డాక్టరుకు చూపిస్తాను.

మీ అమ్మాయి చిన్నప్పుడు మీ చెల్లెలు కథలు చెప్పి పంపిన క్యాసెట్ ఇంట్లో ఉందేమో వెతకండి. దాని మీద పాటలు ఎక్కించేసి ఉంటే దాచకుండా రాయండి. మిమ్మల్ని ఏమైనా అనే మొహం నాకు లేదు.

అమ్మాయికి ఆశీస్సులు.

మీ మరిది