అమ్మ పద్నాలుగు ప్రార్థన పుస్తకాల గురించి నా వీలునామా

వచ్చే సోమవారం నా గొంతులో ఉన్న గడ్డ తీస్తారు. చిన్న ఆపరేషనే అని డాక్టరమ్మ అన్నది. అంటూనే ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నది. నేను ఏమీ రాయకుండా పోతే నా సొత్తు అంతా చట్టప్రకారం అన్నయ్యకు చేరుతుంది. మిగతావి చేరినా నాకు బాధ లేదు. నా మంచం కింద ఉన్న రేకుపెట్టె మాత్రం చేరకూడదు. పదేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన ఈ పనికి అందుకే ఈరోజు కూర్చున్నాను.

ఆసుపత్రి బట్టలుతికే గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, సబ్బమ్మ అని పేరుపడిన తల్లికి నేను కూతుర్ని. వయసు యాభై. పెళ్లి చేసుకోలేదు. కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం. నా బుద్ధి నా స్వాధీనంలోనే ఉందని దేవుని ఎదుట చెబుతున్నాను. దీన్ని రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. అన్నయ్య బతిమాలాడు గానీ అది రాయవద్దని. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత పాస్టరు గారిది. ఆయన ఒప్పుకున్నారు.

1. నా దేహాన్ని అమ్మ పక్కన సమాధి చేయాలి. రెండు పాటలు చాలు. నా గురించి సాక్ష్యం చెప్పడానికి ఎవరూ లేవనక్కర్లేదు, ముఖ్యంగా వదిన. ఆమె మొదలుపెడితే శవపెట్టె మోసేవాళ్లకు భుజాలు పడిపోతాయి.

2. మేము ఉండే రెండు గదుల ఇంట్లో నా సగం వాటాను నా మేనకోడలికి, అంటే అన్నయ్య కూతురికి, సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఒక్క షరతు. పెరటి కుళాయి దగ్గర బకెట్టు, సబ్బు ఎప్పుడూ ఉండాలి. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని వరండాల్లో పడిగాపులు పడే ఆడవాళ్లు స్నానం చేయడానికి మన ఇంటికి వస్తారు. అమ్మ పోయాక కూడా వస్తూనే ఉన్నారు. ఎవరు, ఏ మతం, ఏ ఊరు అని అడగకూడదు. తువ్వాలు అడిగితే ఇవ్వాలి.

3. అమ్మ ఇనుప బీరువా వదినకు. ఎన్నాళ్లుగానో అడుగుతోంది. కింద ఎడమ పక్క మోకాలితో ఒక్కటి తగిలిస్తే గానీ అది తెరుచుకోదు. ఆ విద్య నా నుంచి కాదు, అమ్మ నుంచే వచ్చిందని గుర్తుంచుకుంటే చాలు.

4. అమ్మ బైబిలు అన్నయ్యకు. తడి వేళ్లతో తిప్పీ తిప్పీ దాని అంచులు ఉబ్బిపోయాయి, అట్ట సరిగ్గా మూసుకోదు. అన్నయ్య బడికి వెళ్లే రోజుల్లో అమ్మ చేతులు బట్టలుతికే సోడాకు పగిలి తెల్లగా ఉండేవి. బడి గేటు దగ్గరికి రావద్దని, రోడ్డుకు అవతలే నిలబడమని వాడు అమ్మకు చెప్పాడు. అమ్మ అలాగే నిలబడేది. ఆ సంగతి వాడు మరిచిపోలేదని నాకు తెలుసు. ఇప్పుడు సంఘ కార్యదర్శి అయ్యాక అమ్మ పేరున పుస్తకం అచ్చు వేయించాలని పట్టుబట్టడం అందుకే. నా అన్న చెడ్డవాడు కాదు. అమ్మను అందరూ చూడాలని వాడి ఆశ. కానీ అందుకు అడుగుతున్నది వాడి సొత్తు కాదు, నాది కూడా కాదు.

5. ఇక రేకుపెట్టె. అందులో అమ్మ ప్రార్థన పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి.

అవి ఎలా తయారయ్యాయో చెప్పాలి. ఆసుపత్రిలో చనిపోయినవారి బట్టలను ఒక సంచిలో పెట్టి ఇంటివాళ్లకు ఇచ్చేవారు. మురికిగా, మరకలతో ఇచ్చేవారు. అమ్మకు అది మింగుడుపడలేదు. తన పని గంటలు అయ్యాక ఆ బట్టలను మళ్లీ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, తానే ఇళ్లకు తీసుకెళ్లి ఇచ్చేది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మడత పెట్టిన చొక్కా చేతిలో పడగానే మనుషులు అక్కడే కూలబడి ఏడ్చేవారు. ఏడుస్తూ ఎవరికీ చెప్పనివి అమ్మకు చెప్పేవారు. ఇంటికొచ్చి అమ్మ పెన్సిలుతో రాసుకునేది: ఎడమ పేజీలో పేరు, విన్నపం, కుడి పేజీలో జవాబు వచ్చిన రోజు. తెల్లవారుజామున ఒక్కొక్కరి పేరు మీద వేలు పెట్టి ప్రార్థించేది. తర్వాత్తర్వాత సంఘంలో వాళ్లు కూడా వచ్చి చెప్పుకోవడం మొదలుపెట్టారు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఒక గురువారం అమ్మకు జ్వరం వచ్చింది. స్త్రీల కూటంలో తన బదులు ప్రార్థన నడిపించమని నన్ను పంపింది. పుస్తకం తీసుకెళ్లమని చెప్పలేదు. అమ్మలా కనిపించాలని నేనే తీసుకెళ్లాను. కళ్లు మూసుకుని, గొంతు వణికించి, మా సంఘంలో అందరి బట్టలూ కుట్టే కుట్టుపని అక్క కోసం బిగ్గరగా ప్రార్థించాను. ఆమె భర్తకు కూడా తెలియని ఒక సంగతి ఆ పేజీలో ఉంది. దానినే ప్రభువుకు పేరు పెట్టి విన్నవించాను. ఆ సంగతి ఏమిటో ఇక్కడ కూడా రాయను. పదకొండు మంది ఆమెన్ అన్నారు. అక్క ఆ పదకొండు మందిలో లేదు. ఆమె లేచి చెప్పులు వేసుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది.

సాయంత్రానికి మాట ఆమె ఇంటికి చేరింది. వారం తిరక్కుండా ఆమె ఒక్కతే తన కుట్టు దుకాణం వెనక గదిలోకి మారిపోయింది.

అమ్మ నన్ను కొట్టలేదు. "నువ్వు దేవుడికి చెప్పావనుకున్నావు. వాళ్లకి చెప్పావు" అన్నది. అంతే. ఒళ్లు కాలుతుండగానే శాలువా కప్పుకుని ఆ గదికి వెళ్లింది. అక్క తలుపు తీయలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు ప్రతి గురువారం పని దిగగానే అక్కడికి వెళ్లి, ఓ పావుగంట గుమ్మం బయట నిలబడి వచ్చేది. నేనూ వస్తానంటే వద్దనేది. తాను వెళ్తున్నది నన్ను తీసుకెళ్లి ఆమెకు చూపించడానికి కాదట. నాలుగో ఏడు అక్క తలుపు తీయకుండానే బయట ఒక స్టూలు వేసింది. ఇంకో ఏడాదికి తలుపు తీసింది. అమ్మ పోయినప్పుడు ఆఖరి బట్టలు కుట్టింది ఆమే. నాతో మాత్రం అవసరమైనంత వరకే మాట్లాడేది.

పేర్లు తీసేసి అచ్చు వేద్దాం చెల్లీ, ఎవరికి తెలుస్తుంది అంటాడు అన్నయ్య. మన సంఘంలో కవలల తల్లి అంటే ఒక్కతే. మెల్లకన్ను తాపీమేస్త్రి అంటే ఒక్కడే. పేరు తీస్తే మనిషి ఎక్కడికి పోతాడు? కాల్చేయొచ్చు కదా అని పాస్టరు గారు అడిగారు. అమ్మ వద్దన్నది. కుడి పేజీలు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయనీ, జవాబు రానివాటిని పొయ్యిలో పెట్టకూడదనీ చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

కాబట్టి ఆ పద్నాలుగు పుస్తకాలను, పెట్టెతో, తాళంతో సహా కుట్టుపని అక్కకు ఇస్తున్నాను. వాటి మీద అన్నయ్యకు గానీ సంఘానికి గానీ ఏ హక్కూ లేదు. ఈ పేజీలు రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. సాక్షిగా కూడా సంతకం పెట్టమని అడిగాను గానీ, వీలునామా వల్ల ఏదైనా పొందే మనిషి సాక్షి కాకూడదని దస్తావేజులు రాసే ఆయన చెప్పారు.

నిన్న ఆమె దగ్గరికి వెళ్లాను. ఏదో లంగా అంచు కుడుతోంది. విషయం చెప్పాను. మిషను ఆపలేదు.

"నాకే ఎందుకు?" అన్నది.

"ఆ మాటలు బయటికొస్తే ఏమవుతుందో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదక్కా."

అంచు పూర్తయ్యాక దారం కొరికింది. చదవనని, ఎవర్నీ చదవనివ్వనని చెప్పింది. తర్వాత తల ఎత్తకుండా అడిగింది: "ఆ గురువారం తర్వాత మీ అమ్మ నా పేరు కింద ఏం రాసింది? అదొక్కటి చెప్పు."

నాకు కంఠతా వచ్చు. చెప్పాను. "ప్రభువా, నా కూతుర్ని క్షమించమని ఆమెను తొందరపెట్టకు. ఆమెకు ఎన్నాళ్లు కావాలో అన్నాళ్లు ఇవ్వు."

కుడి పేజీ ఖాళీగానే ఉందని కూడా చెప్పాను.

అక్క చాలాసేపు లంగా మడతపెట్టింది. మడతపెట్టినదాన్నే విప్పి మళ్లీ పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్లయింది" అన్నది. "ఇంకొంచెం పట్టేలా ఉంది. సోమవారం ఆసుపత్రికి నీతో ఎవరు వస్తున్నారు?"

ఎవరూ లేరన్నాను. తాను వస్తానన్నది.

6. పై వాటిలో రాయనివి, మరిచిపోయినవి ఏమైనా ఉంటే మేనకోడలివి.

పాస్టరు గారికి నా ప్రార్థన: అమలు కావలసినంత వరకు అన్నయ్యకు చదివి వినిపించండి. ఐదో అంశంలో ఎవరికి ఏమి ఇచ్చానో చెబితే చాలు, ఎందుకో చెప్పవద్దు. ఆ తర్వాత ఈ పేజీలను దాచండి. ఎవరికీ చూపించకండి, మెచ్చుకోవడానికైనా సరే.

2023 మార్చి 14, మంగళవారం, మా ఇంటి ముందుగదిలో, చదువుకుని, సరిచూసుకుని చేసిన సంతకం:
సబ్బమ్మ గారి కూతురు

సాక్షులు, ఐదో అంశం మీద కాగితం కప్పి ఉండగా, నా సంతకం కళ్లారా చూసి సంతకం చేసినవారు:
కళ్లజోళ్ల దుకాణం యజమాని
ఎదురింటి కుళాయిల మేస్త్రి