లైబ్రేరియన్‌కు లేని వేసవి

సంగారెడ్డి, ఏప్రిల్ 1972, శనివారం

నేను ప్రిన్సిపాల్ ఎదుట కన్నీళ్లు పెట్టుకున్నానని కాలేజీలో చెప్పుకుంటున్నారట. పెట్టుకోలేదు. లైబ్రేరియన్‌నైన నాకు ఇకపై వేసవి సెలవులు ఉండవని, బదులుగా కోరుకున్నప్పుడు సెలవు పెట్టుకోవచ్చని యూనివర్సిటీ తేల్చింది. లెక్చరర్ల సెలవులు మాత్రం చెక్కుచెదరలేదు.

నిన్న సాయంత్రం లెక్చరర్ సుగుణ వేసవిలో చదవడానికి ఎప్పటిలాగే సంచీ నిండా నవలలు తీసుకుంది.

"ఊటీ పోతున్నం మేడం. మీరు గీ ఎండలల్ల గీడనే కూసోవాల్నా, పాపం!"

ఆ జాలి కన్నా ఆ ఊటీయే నన్ను ఎక్కువగా కాల్చింది. ఇది అసూయే, కాదనను.

జూన్‌లో కాలేజీ తెరిచే వారం పుస్తకాల కోసం అందరూ నా బల్ల మీద పడతారు. సరిగ్గా ఆ వారానికే ఇప్పుడే సెలవు పెట్టాను. నా కుర్చీలో సుగుణను కూర్చోబెట్టమని ప్రిన్సిపాల్‌కు చెప్పి, పూరీకి ఒకే ఒక్క టికెట్ కొనుక్కున్నాను.